పాత బ్యాటరీ – కొత్త బండి
(సాంస్కృతిక సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



కలకత్తా మహానగరమునకు విద్యుత్తుతో నడచు బండి కొత్తది కాదు. 1873లో గుఱ్ఱములు లాగిన ట్రాము 1902వ సంవత్సరమున విద్యుత్తుతో నడువ నారంభించినది. ఎస్ప్లనేడు నుండి కిద్దర్‌పూరు వఱకు తొలి విద్యుత్ ట్రాము సాగిన ఆ నాటికి దేశమున పెక్కు పట్టణములలో వీథిదీపము సైతము నూనెతోనే వెలుగుచుండెను. 1984లో భారతదేశపు మొదటి మెట్రో రైలు ఈ నగరముననే నడచినది. అయినను కాలగతి విచిత్రమైనది. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వము మైదానము–ఎస్ప్లనేడు మార్గమును మాత్రము పూర్వవైభవ చిహ్నముగా నిలిపి, తక్కిన ట్రాములను విరమింపనున్నట్లు ప్రకటించినది. ట్రాము తగ్గుచున్న కాలముననే మఱియొక జాతి విద్యుద్వాహనములు వీథులను నింపుచున్నవి.

ఈ రెంటికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. ట్రామునకు విద్యుత్తు నెత్తిమీది తీగ నుండి వచ్చును. బండి తన శక్తిని తాను మోయదు. అందుచేత ట్రామెక్కిన ప్రయాణికుడు గాని, నడిపిన ఉద్యోగి గాని, 'ఈ విద్యుత్తును నిలువచేసిన పెట్టె పాడైన పిమ్మట ఎక్కడకు పోవును?' అని విచారింప వలసిన అగత్యము లేకుండెను. నేటి విద్యుద్వాహనము తన శక్తిని తన కడుపులోనే మోయుచున్నది. ఆ కడుపు పేరే బ్యాటరీ. దాని ఆయువు బండి ఆయువుకంటె తఱచుగా తక్కువ. కావున కొత్త బండి కొనువాని మనస్సులో, అతడు బయటికి చెప్పినను చెప్పకున్నను, పాత బ్యాటరీని గూర్చిన ప్రశ్న ఒకటి యుండును. ఆ ప్రశ్నకు ప్రభుత్వ విధానము చెప్పు సమాధానమును బట్టి విద్యుద్వాహనముల వ్యాప్తి కొంతవఱకు ఆధారపడును. నేటి ప్రసంగ విషయ మిదియే.

ఈ విషయమును గ్రహించుటకు గ్రంథములకంటె ముందు టోటోను చూడవలెను. నగరపు శివారులలోను, హౌరా, హుగ్లీ జిల్లాలలోను, ఉత్తర దక్షిణ 24 పరగణాలలోను రైలు స్టేషను దిగిన ప్రతివానికిని మొదట కనబడునది టోటోయే. తక్కిన దేశమున దీనిని ఈ-రిక్షా అందురు. 2015లో మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణ వలన దీనికి చట్టమున స్థానము లభించినది. కాని అంతకు ముందే బీదవాని అవసరము దానిని వీథిలోనికి తెచ్చియుండెను. పెద్ద పెద్ద ప్రకటనలు గాని, రాయితీలు గాని లేకుండ, విద్యుద్వాహనమును సామాన్యులయందు వ్యాపింపజేసిన ఘనత ఈ మూడు చక్రముల బండికే చెందవలెను.

టోటో పీట క్రింద సాధారణముగా 4 సీసపు బ్యాటరీలుండును. ఒక్కొక్కటి 12 వోల్టులది. నాలుగును కలిసి 48 వోల్టులు. ఒక్కొక్కటి 25 నుండి 30 కిలోల బరువు తూగును. రోజంతయు తిరిగి, రాత్రియంతయు విద్యుత్తు నింపుకొను ఈ బ్యాటరీలు ఏడాదికో, ఏడాదిన్నరకో బలహీనపడును. అప్పుడు బండివాడు కొత్తవి కొనవలెను. ఇది అతనికి ఇల్లు మరమ్మతు చేయించుకొనుట వంటి ఖర్చు. తఱచుగా అప్పు చేయవలసివచ్చును. ఆ సమయమున అతనిని ఆదుకొనునది పాత బ్యాటరీయే. దుకాణదారు పాత వాటిని తీసికొని, వాని వెలను కొత్త వాని వెల నుండి తగ్గించును. ఈ తగ్గింపు బండివానికి లాభము కాదు. మఱు సంవత్సరము బండి నడుపుటకు మూలధనము.

పాత బ్యాటరీకి ఇంత వెల యేల వచ్చుచున్నది? 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని కనిపెట్టెను. దాని బరువులో సగమునకు మించి సీసమే యుండును. సీసము 327 డిగ్రీల వేడికే కరగును. ఎన్నిసార్లు కరగించినను దాని గుణము చెడదు. కావున పాత సీసమునకు ఎన్నడును గిరాకి తగ్గదు. నిజము చెప్పవలెనన్న, లోకమున పాత వస్తువులను తిరిగి వాడుటలో సీసపు బ్యాటరీని మించినది అరుదు. ఈ ఒక్క కారణము చేతనే బీదవాడు విద్యుద్వాహనమును భరింపగలిగెను.

అయితే ఈ కథకు రెండవ పార్శ్వము కలదు. పాత బ్యాటరీ దుకాణము నుండి బయలుదేరి రెండు దారులలో ఒకదానిని పట్టును. మొదటి దారి అనుమతి పొందిన కర్మాగారమునకు పోవును. అక్కడ గంధకామ్లమును నిర్వీర్యము చేయుదురు. కొలిమి పొగను వడపోయుదురు. పనివారల రక్తములో సీస మెంత చేరినదో పరీక్షించవలసిన బాధ్యత యాజమాన్యముపై నుండును. వీటన్నిటికిని ఖర్చగును. రెండవ దారి ఊరిచివరి రేకుల కొట్టమునకు పోవును. అక్కడ గొడ్డలితో పెట్టెను పగులగొట్టుదురు. ఆమ్లమును కాలువలో పోయుదురు. బొగ్గుల పొయ్యిమీద సీసమును కరగించుదురు. మిగిలిన చిట్టెమును గుంటలలో పారవేయుదురు. పన్ను లేదు, వడపోత లేదు, పరీక్ష లేదు. కావున అతడు పాత బ్యాటరీకి నాలుగు రూపాయలు ఎక్కువ ఇయ్యగలడు. పాత బ్యాటరీ సహజముగా ఎక్కువ వెల ఇచ్చువాని వైపునకే నడచును.

ఆ నాలుగు రూపాయలకు అసలు వెల చెల్లించునది ఎవరు? సీసపు ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. రక్తమున సీసమునకు నిరపాయకరమైన పరిమాణమనునది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆఫ్రికా ఖండములోని సెనెగల్ రాజధాని డాకర్ శివారున, 2007 చివరి నుండి 2008 ఆరంభము వఱకు గల కొలది నెలలలో 18 మంది పసివారు మృతిచెందిరి. పాత బ్యాటరీలు పగులగొట్టిన చోటి మట్టిలోని సీసమే అందులకు కారణమని పరిశోధకులు తేల్చిరి. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి వెలువరించిన నివేదిక ప్రకారము లోకమున సుమారు 80 కోట్ల మంది పిల్లల రక్తములో హానికరమైన పరిమాణమున సీసము కలదు. ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరన్నమాట. ఆ నివేదిక చూపిన కారణములలో బ్యాటరీలను అక్రమముగా కరగించుట ముఖ్యమైనది. కలకత్తా పరిసరములలోని ఒక నివాస ప్రాంతమున సీసపు కర్మాగారము వలన కలిగిన కాలుష్యమును గూర్చిన పరిశోధన 1999లోనే ప్రచురింపబడినది. పొగ గొట్టము లేని బండి నడుపుచున్నాడని పొగడబడు టోటోవాని బిడ్డయే ఆ కొట్టము ప్రక్క వీథిలో ఆడుకొనుచుండవచ్చును. పెద్దవీథి గాలి శుభ్రపడి, సందులోని మట్టి విషమయమగుట ఏ పురోగతి?

ప్రభుత్వము ఈ విషయమును ఎఱుగక పోలేదు. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వము బ్యాటరీల నిర్వహణ నియమములను ప్రకటించినది. తయారుచేయువారు, దిగుమతి చేయువారు తాము అమ్మిన సీసపు బ్యాటరీలలో మొదటి ఏట నూటికి 50, రెండవ ఏట 75, మూడవ ఏటి నుండి 90 చొప్పున పాతవి తిరిగి సేకరింపవలెనని ఆ నియమము. ఆశయము ఉత్తమమైనది. కాని కాగితముమీది అంకెకును, కొట్టములోని కొలిమికిని నడుమ దూరము మిగిలిపోయినది. అందులకు ముఖ్యకారణము వెలలోని వ్యత్యాసమే. శాసనము పాత బ్యాటరీని సరియైన దారికి రమ్మన్నది. సంత తప్పుదారికి రమ్మని నాలుగు రూపాయలు చూపినది.

2022 ఆగస్టులో ఆ పాత నియమముల స్థానమున కొత్త నియమములు వచ్చినవి. ఇవి సీసపు బ్యాటరీలకే గాక అన్ని జాతుల బ్యాటరీలకును వర్తించును. బ్యాటరీని విపణిలోనికి తెచ్చినవాడే దాని అంత్యకాలమునకును బాధ్యుడని వీని మూలసూత్రము. బ్యాటరీలను పూడ్చివేయుటను, కాల్చివేయుటను ఇవి నిషేధించుచున్నవి. విద్యుద్వాహనముల బ్యాటరీల నుండి 2026–27 నాటికి నూటికి 90 పాళ్లు పదార్థమును తిరిగి రాబట్టవలెననియు, కొత్త బ్యాటరీలలో పాతవాని నుండి తీసిన పదార్థము 2027–28లో నూటికి 5 పాళ్లతో మొదలై 2030–31 నాటికి 20 పాళ్లకు చేరవలెననియు ఇవి విధించుచున్నవి. పాత బ్యాటరీని శుద్ధిచేసిన కర్మాగారము ఒక ధ్రువపత్రమును పొందును. తయారుచేయువారు తమ బాధ్యత తీర్చుకొనుటకు దానిని కొనవలెను. ఈ లావాదేవీలన్నియు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహించు పట్టికలో నమోదగును. వినియోగదారునకు కూడ ఒక విధి నిర్ణయింపబడినది: పాత బ్యాటరీని ఇంటి చెత్తలో కలుపక, అర్హులైనవారికే అప్పగింపవలెను.

ఇప్పుడు టోటో నుండి మధ్యతరగతి ఇంటికి రావలెను. సాల్ట్ లేకులోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు ఒక ఉద్యోగిని ఊహింపుడు. పెట్రోలు వెలకు వెఱచి అతడు విద్యుత్ స్కూటరు కొనదలచి, ఆదివారమునాడు భార్యతో కూడ దుకాణమునకు వెళ్లెను. అమ్మువాడు వేగమును వర్ణించెను. ఒకసారి విద్యుత్తు నింపిన ఎన్ని కిలోమీటర్లు పోవునో చెప్పెను. బంధకమేర్పఱచిన సంవత్సరములలో బ్యాటరీ చెడిన మార్తుమనెను. అంతయు విని ఆ ఇల్లాలు ఒక్క మాట అడిగెను: "ఆ యేండ్లు గడచిన తరువాత బ్యాటరీ పోయినచో ఈ బండిని ఎవరు కొందురండీ?" అమ్మువాడు నవ్వి ఊరకుండెను. ఆ దంపతులు ఆలోచించి చెప్పుదుమని ఇంటికి మరలిరి.

ఆమె అడిగినది చిన్న ప్రశ్న కాదు. విద్యుద్వాహనపు వెలలో బ్యాటరీ భాగము నూటికి 30 నుండి 40 వఱకు ఉండునని కేంద్ర రవాణా శాఖయే 2020లో తెలిపినది. పెట్రోలు స్కూటరు పదేండ్లు వాడిన పిమ్మట ఎంతకు పోవునో మెకానికు సైతము చెప్పగలడు. లిథియం బ్యాటరీ గల బండికి ఆ నమ్మకమింకను ఏర్పడలేదు. సీసపు బ్యాటరీకి ప్రతి వీథిలోను వెల కలదు. లిథియం బ్యాటరీకి ఆ వెల కట్టువాడు వీథిలో లేడు. 2019లో నోబెల్ బహుమానము పొందిన శాస్త్రజ్ఞులు దానిని తేలికగను, శక్తిమంతముగను రూపొందించిరి. కాని దానిని విప్పి లోహములను వేఱుచేయుట సీసమును కరగించినంత సులభము కాదు. పైగా అజాగ్రత్తగా పగులగొట్టిన అది మంటలు లేవదీయును.

ఇందు మఱియొక సూక్ష్మము కలదు. కొన్ని లిథియం బ్యాటరీలలో నికెలు, కోబాల్టు అను విలువైన లోహములుండును. వానిని శుద్ధిచేయువానికి గిట్టుబాటగును. మఱికొన్నిటిలో వాని స్థానమున ఇనుము, ఫాస్ఫేటు ఉండును. ఇవి చౌక, క్షేమము, దీర్ఘాయువు. కాని ఆ చౌకదనమే చివరకు ఇబ్బంది తెచ్చును. విప్పిన పిమ్మట దొరకు పదార్థము విలువ తక్కువ యగుటచే వానికి మంచి వెల రాదు. అనగా కొనునప్పుడు ఏది లాభమో, పాతబడినప్పుడు అది నష్టమగుచున్నది. ఇక్కడనే విధానము అవసరము. సంత వెల కట్టని చోట, తయారుచేయువాని బాధ్యత వెల కట్టవలెను. పైన చెప్పిన ధ్రువపత్రమునకు తగిన వెల వచ్చినచో శుద్ధిచేయువాడు పాత బ్యాటరీకి వెల ఇయ్యగలడు. ఆ వెల మరీ పడిపోయినచో న్యాయముగా పనిచేయు కర్మాగారము మూతపడును. బ్యాటరీ మరల రేకుల కొట్టము దారి పట్టును.

పాత బ్యాటరీలను గూర్చిన విధానము వినియోగదారుని మూడు విధముల ప్రభావితము చేయును. మొదటిది వెల. పాత బ్యాటరీకి నిశ్చితమైన వెల యున్నచో బండిని వాడుటకగు మొత్తము ఖర్చు తగ్గును. అప్పు ఇచ్చు బ్యాంకునకును ధైర్యము కలుగును. రెండవది నమ్మకము. శుభ్రతకొఱకు కొన్న బండి తుదకు విషము మిగుల్చునను శంక తొలగును. మూడవది సరఫరా. లిథియం, కోబాల్టు కొఱకు విదేశములపై ఆధారపడిన దేశమునకు పాత బ్యాటరీయే స్వదేశపు గని యగును. నాలుగవ మాటయు దాచరాదు: ఈ బాధ్యతకగు ఖర్చులో కొంత కొత్త బ్యాటరీ వెలలో చేరును. అంతియే గాక, ఈ నియమము లొక్కటియే జనులచేత బండ్లు కొనిపించునని చెప్పుట అతిశయోక్తి. కొనువాడు మొదట వెలను, పిమ్మట విద్యుత్తు నింపుకొను సదుపాయమును, దూరమును విచారించును. కాని వీనియన్నిటిని దాటివచ్చినవాడు గడపమీద నిలిచిపోవుట పాత బ్యాటరీ శంకవలన కూడ జరుగును.

ఇతర దేశములేమి చేయుచున్నవి? అమెరికాలో కొత్త సీసపు బ్యాటరీ కొనువాని వద్ద పెక్కు రాష్ట్రములలో కొంత రొక్కము అదనముగా పుచ్చుకొని, పాతది తెచ్చి ఇచ్చినప్పుడు తిరిగి ఇత్తురు. చైనా 2018లోనే వాహనము తయారుచేయువారిని పాత బ్యాటరీలకు బాధ్యులను చేసినది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టము ప్రకారము 2027 ఫిబ్రవరి నుండి ప్రతి విద్యుద్వాహనపు బ్యాటరీకిని ఒక జన్మపత్రిక వంటి వివరపత్రిక ఉండవలెను. అది ఎక్కడ పుట్టినది, అందేమున్నది, ఆరోగ్యమెట్లున్నది అను సంగతులు దానిలో తెలియును. అట్టి పత్రిక యున్నచో పాత బండి కొనువాడు మోసపోడు. ఆ ఇల్లాలి ప్రశ్నకు సమాధానము దొరకును.

భారతదేశమును ఊరకుండలేదు. 2025 కేంద్ర బడ్జెటులో పాత లిథియం బ్యాటరీల తుక్కుపై దిగుమతి సుంకము తొలగింపబడినది. అదే సంవత్సరము సెప్టెంబరులో అమూల్య ఖనిజములను పాత వస్తువుల నుండి రాబట్టు పరిశ్రమలకు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది. 2020 ఆగస్టులోనే బ్యాటరీ లేకుండ బండిని అమ్ముటకును, నమోదు చేయుటకును రవాణా శాఖ అనుమతించినది. ఈ పద్ధతిలో బండి ఒకరిది, బ్యాటరీ మఱియొక సంస్థది. వాడుకొనువాడు అద్దె చెల్లించును. బ్యాటరీ ముసలిదైన దాని చింత దాని యజమానిదే. పాత బ్యాటరీలు వేయి చేతులలో చెదరక ఒక్కచోట చేరుటకిది మంచి మార్గము.

ఈ విషయమున వంగదేశమునకును, తెలుగుదేశమునకును చక్కని బంధుత్వము కలదు. నేడు ఎక్సైడు అను పేరుతో ప్రసిద్ధమైన సంస్థ 1947లో ఈ నగరముననే వేఱొక పేరుతో నమోదైనది. తిరుపతి చెంత కరకంబాడిలో గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ సీసపు బ్యాటరీలలో దానికి దీటుగా నిలిచినది. 2023 మే నెలలో అదే సంస్థ మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారమునకు శంకుస్థాపన చేసినది. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుద్వాహనములకు రహదారి పన్నును, నమోదు రుసుమును 2026 చివరి వఱకు మినహాయించినది. కొనునప్పుడు చేయి అందించుట మంచిదే. కాని బిడ్డ పుట్టినప్పుడు వేడుక చేసినంత మాత్రమున చాలదు. ముసలితనమున ఆశ్రయము కూడ ఆలోచింపవలెను.

కర్తవ్యమేమి? బ్యాటరీ అమ్మిన రసీదుమీదనే పాతదానిని తిరిగి ఇచ్చినప్పుడు వచ్చు కనీసపు వెలను ముద్రింపవలెను. టోటోలు నిలుచు స్థానముల చెంతనే అనుమతి గల సేకరణ కేంద్రముల నుంచి, కొట్టమువాడు ఇచ్చు వెలకు తగ్గకుండ ఇయ్యవలెను. కొట్టములను మూసివేయుటతోనే పని ముగియదు. అందు పనిచేయువారికి సరియైన కర్మాగారములలోనో, సేకరణలోనో చోటు చూపవలెను. లేనియెడల ఈ సందులో ఆరిన కొలిమి ఆ సందులో రగులును. ఇంటింటివారికిని పని కలదు. ఇన్వర్టరు బ్యాటరీ మార్చునప్పుడు పాతది ఎక్కడకు పోవునో అడిగి రసీదు పుచ్చుకొనవలెను. పాత ఫోనుల బ్యాటరీలను చెత్తకుండీలో వేయరాదు. ప్రభుత్వోద్యోగుల కుటుంబములు ఈ ఆచారమును మొదలిడినచో ఇరుగుపొరుగువారును అనుసరింతురు.

ట్రాము తీగ నగరము నడిబొడ్డున వ్రేలాడుచు, విద్యుత్తు భారమును ఊరంతయు కలిసి మోసినది. బ్యాటరీ ఆ భారమును ఒక్కొక్కని పీట క్రిందికి దించినది. సరియైన విధానమనగా ఆ భారమును మరల అందఱును పంచుకొనుటయే. టోటోవాడు తన పాత బ్యాటరీని న్యాయమైన వెలకు సరియైన చోట ఇచ్చి, సాయంకాలము ఇల్లు చేరి, శుభ్రమైన మట్టిలో ఆడుకొనుచున్న తన బిడ్డను ఎత్తుకొనగలిగిన నాడు, ఆ బండిని నిర్మలమైన బండి యని పిలుచుట సార్థకమగును.